మూడు బారల లోతు

మొన్న కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున్న, దీపం పెట్టి లేస్తుంటే పక్కింటి పిన్ని కంచె అవతలి నుంచి పిలిచింది. "పెద్దమ్మీ, ఓపాలి ఇలా రా. మీ బాబాయి లేగడం నేదు," అంది. గొంతులో ఏడుపు లేదు. వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నిద్రలోనే వెళ్ళిపోయారు.

ఆయన మాకు చుట్టం కాదు. మా నాన్నకి స్నేహితుడు, మాకు పక్కిల్లు, ఊరికి పోర్టాఫీసు గుమస్తా. నలుగురు అక్కచెల్లెళ్ళం, ఆఖరున ఒక తమ్ముడు. మా ఐదుగురికీ ఆయన గుమస్తా బాబాయి. అందరిలో పెద్దదాన్నని నన్ను పెద్దమ్మీ అనేవారు. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని చెల్లెళ్ళు అడిగారు. రాయాల్సిన మాటల్లో నా తప్పు కూడా ఒకటి ఉంది. అదీ రాస్తున్నాను.

పోర్టాఫీసు అంటే మీరు పెద్దదేదో ఊహించుకోకండి. ఏరు సముద్రంలో కలిసే చోట, ఏటి మొగలో, ఒక పెంకుటిల్లు, దాని ముందు జెండా కర్ర. మా తాతల కాలంలో ఓడలు వచ్చేవట. నాకు ఊహ తెలిసేసరికి ఒక్కటీ రావడం లేదు. ఓడలు ఆగిపోయాయి గానీ ఆఫీసు మూయలేదు. తుపాను కబురు వస్తే కర్రకి గుర్తు ఎగరేయాలి. అమావాస్యకీ పున్నానికీ పాత జెట్టీ కొసన లోతు కొలిచి పుస్తకంలో రాయాలి. ఆ రెండు పనులూ బాబాయివే.

"గుమస్తా, ఈ పున్నానికి నీరెంతున్నాది? ఓడేటైనా కబురెట్టిందేటి?" అని టీ కొట్టు దగ్గర ఆట పట్టించేవారు.

"వచ్చినప్పుడు లోతెంతని అడుగుతాది కదా. అప్పటికి రాసి ఉంచాల," అనేవారు ఆయన. కోపం ఉండేది కాదు. ఊరంతటిలో ఓడ కోసం నిజంగా ఎదురుచూసిన మనిషి ఆయనొక్కరే అని నాకు చాలా ఏళ్ళకి అర్థమైంది.

లోతు కొలవడానికి ఒక తాడు, దాని కొసకి సీసపు గుండు. గుండు అడుగున చిన్న గుంట ఉండేది. ఆ గుంటలో సబ్బు మెత్తి నీళ్ళలోకి దింపితే అడుగున ఏముందో దానికి అంటుకుని పైకి వస్తుంది. ఇసకైతే ఇసక, బురదైతే బురద. అందుకని మా ఇంట్లో అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ ఆయనవే. "పెద్దమ్మీ, సబ్బరిగిందా?" అని కంచె మీంచి చెయ్యి చాపేవారు. పిన్నికి నామోషీగా ఉండేది.

"ఊరోళ్ళ సబ్బులడుక్కునే ఉద్యోగం ఇంకెవుడైనా సేత్తాడా," అనేది.

"గవర్నమెంటు గుండిచ్చింది. సబ్బియ్యడం మరిసిపోనాది," అని నవ్వేవారు.

మనిషి పొట్టి. పిన్ని ఆయన కంటే జానెడు పొడుగు. ఇద్దరూ కలిసి గుడికి వెళ్తే ఆయన రెండడుగులు ముందు నడిచేవారు. పక్కపక్కన నడిస్తే పిన్ని పొడుగు చూసి జనం నవ్వుతారని.

పుస్తకంలో తప్పు పడితే ఆయన రబ్బరు పెట్టేవారు కాదు. ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, కింద సంతకం పెట్టేవారు. గీత కింద పాత అంకె చక్కగా చదవొచ్చు. ఎందుకలా అని చిన్నప్పుడు అడిగాను. "తప్పేటి రాసినామో అందరికీ కనిపించాల. అప్పుడే ఒప్పుని నమ్ముతారు," అన్నారు. ఆయన ఆ మాటని ఎంత దూరం మోస్తారో అప్పుడు నాకు తెలియదు.

ఒక తుపానుకి ఆఫీసు తలుపులు ఊడి, అడుగుల గుర్తులున్న పాత తాడు కొట్టుకుపోయింది. కొత్త తాడుకి అర్జీ పెట్టారు. రాలేదు. మా వైపు పడవల వాళ్ళు లోతును బారల్లో చెప్తారు. రెండు చేతులూ చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా ఒక బార. పుస్తకంలో ఫాథమ్ అని అచ్చు వేసిన గడి ఒకటి ఉంది. ఫాథమ్ అంటే బారే అని ఆయనకి పాత గుమస్తా ఎవరో చెప్పి ఉన్నారు. ఆయన ఒక తాడు కొనుక్కొచ్చి, తన చేతులతో బారలు వేసి, బారకో ముడి వేశారు. ఆ ముడులతోనే పదేళ్ళు రాశారు. మొదట్లో మా నాన్న పడవలో వెళ్ళేవారు. నాన్న పోయాక, విశాఖ వెళ్ళేదాకా తమ్ముడు తెడ్డు వేసేవాడు. పాత జెట్టీ కొసన, ఆటుకి నీరు బాగా తీసినప్పుడు, మూడు బారలు.

ఇలా ఉండగా గవర్నమెంటు చూపు సముద్రం మీద పడింది. టెక్కలి రాయి, నౌపడ ఉప్పు, విజయనగరం నార సంచులు అన్నీ లారీల్లోనే పోతున్నాయి. వీటిని తీరం వెంబడి చిన్న ఓడల్లో పంపితే ఖర్చు తగ్గుతుంది, రోడ్డు మీద భారం తగ్గుతుంది. కానీ చిన్న ఓడ వాడు లారీతోనూ, పెద్ద కంపెనీల ఓడలతోనూ ఒంటరిగా పోటీ పడలేడు. అందుకని రేవు రుసుములు తగ్గిస్తామన్నారు. ఓడ అప్పుకి వడ్డీలో కొంత భరిస్తామన్నారు. లోతు సరిపోయిన చిన్న రేవుల్ని ఒక జాబితాలో పెట్టి జెట్టీలు కడతామన్నారు.

అప్పటికి తమ్ముడు విశాఖలో, పెద్ద ఓడల్ని రేవులోకి లాగే ఒక టగ్గుని నడిపే సరంగు. తన పడవ తను నడపాలన్నది వాడి చిన్ననాటి కోరిక. మరో నలుగురితో కలిసి చిన్న సరుకు ఓడకి దరఖాస్తు పెట్టాడు. సొంత రేవు అన్న చోట మా ఊరి పేరు రాశాడు. ఊరు జాబితాలో ఉంటే ఓడ వస్తుంది. లేకపోతే దరఖాస్తు చెల్లదు, యార్డులో సగం తయారైన ఓడ ఇంకొకరికి పోతుంది. ఉద్యోగం అప్పటికే మానేసి వచ్చాడు.

ఆ వార్త విన్న రోజు బాబాయి జెండా కర్రకి సున్నం వేశారు. ఎవరూ చెప్పలేదు. తనే వేశారు.

సర్వే చేసే కంపెనీ నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చి పదేళ్ళ పుస్తకాలు పట్టుకెళ్ళాడు. సోమవారం హైస్కూలు ఆవరణలో ప్రజాభిప్రాయ సేకరణ అన్నారు. పెద్ద ఆఫీసరు వస్తారు.

శనివారం మధ్యాహ్నం నేను మిషను మీద జాకెట్టు కుడుతున్నాను. బాబాయి తాడు భుజాన వేసుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"పెద్దమ్మీ, నీ టేపు ఓపాలియ్యి."

"ఏటి బాబాయి, సొక్కా కుట్టమంతావా?"

ఆయన నవ్వలేదు. "ఆ ఇంజనీరు రాసిన కాయితం సూసినాను. నాను మూడని రాసిన కాడల్లా పద్దెనిమిది అడుగులని రాసేడు. బారకి ఆరడుగులంట. పుస్తకాల్లో అంతేనంట. నాను ఆరడుగుల మనిషినేటమ్మీ?"

తాడు ఒక కొస నేను పట్టుకున్నాను. ముడి నుంచి ముడికి ఐదడుగుల రెండంగుళాలు. రెండో ముడి అంతే. మూడోదీ అంతే. ఆయన వేలితో గాలిలో లెక్క వేసుకున్నారు.

"పదిహేనున్నర," అన్నారు.

"జాబితాకి ఎంత కావాల?"

"పద్దెనిమిది."

తాడు కొస కింద పెట్టాను. తరువాత నేను అన్నాను. "ఇది ఎవలికీ తెలవదు కదా బాబాయి. ఊరుకోరాదేటి."

ఇదీ నేను రాస్తానన్న తప్పు. రోజూ రెండు పూటలా దేవుడి ముందు కూర్చునే మనిషిని. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

ఆయన తిట్టలేదు. టేపు చుట్టి నా చేతిలో పెట్టారు. "నీకు తెలిసిపోనాది కదమ్మీ," అన్నారు.

దీపాలు పెట్టే వేళకి తమ్ముడు వచ్చాడు. "అక్కా, బాబాయి మనింట్లో టేపెట్టి ఏటి కొలిచినాడు?" ఎవరో చూసి చెప్పారన్నమాట. నా చేతిలో అగ్గిపుల్ల వెలుగుతోంది. "తాడు," అన్నాను. అంతకంటే చెప్పలేదు. వాడికి అక్కర్లేదు. తెడ్డు వేసిన ఏళ్ళలో ఆ ముడులూ, బాబాయి పొట్టి చేతులూ వాడెరిగినవే. నేరుగా కంచె దాటి వెళ్ళాడు. మాటలన్నీ నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"బాబాయి, సోమారం నువ్వు నోరిప్పకు."

"ఏరా?"

"ముందు ఊరి పేరు ఎక్కనీ. జెట్టీ వస్తాది. ఎనకాల డ్రెడ్జరు వస్తాది. రెండడుగులు తవ్వడం ఆళ్ళకెంతసేపు?"

"అది వచ్చిందాకా నువ్వు ఓడ కట్టేసుకుని కూకుంటావేట్రా? లోతుందని కాయితం సెప్తే నిండా రాయి ఎత్తుకుని వస్తావు. నీరు తీసినప్పుడు అడుగు తగుల్తాది. కింద ఇసకైతే నానూ ఊరుకుందును. పాత జెట్టీ ఇనప స్తంభాలున్నాయిరా అక్కడ. నా సబ్బుకి తుప్పంటుకుని వస్తాది. నువ్వే కదా పడవలో కూకుని సూసినావు."

"పదేళ్ళు తప్పు రాసినోడివి. ఇంకో నెల్లాళ్ళు ఊరుకుంటే రిటైరైపోతావు. నీకెందుకీ గొడవ?"

"తప్పు రాసినోణ్ణి నాను గాబట్టే నాను సెప్పాల."

"నా ఓడ పోతే?"

"ఓడే కదరా పోతాది. నువ్వుంటావు."

గేటు విసిరికొట్టిన చప్పుడైంది. వాడు ఆ రాత్రి నా చేతి అన్నం తినలేదు.

మర్నాడు ఆదివారం. అరసవల్లి వెళ్ళాను. వరసలో నిలబడ్డంతసేపూ ఏం మొక్కుకోవాలో తేల్చుకోలేకపోయాను. తమ్ముడికి ఓడ రావాలని అడిగితే, బాబాయి నోరు మూతపడాలని అడిగినట్టే. నా వంతు వచ్చింది. ఉత్త నమస్కారం పెట్టి బస్సెక్కేశాను.

తిరిగి వచ్చేసరికి కబురు పాకి ఊరు మారిపోయింది. కుళాయి దగ్గర పిన్ని బిందెని ఎవరో వరస లోంచి తీసి పక్కన పెట్టారు. "మీ ఆయనకి లోతు సరిపోదంట కదా, మీకు నీరెందుకులే," అందొకామె. పిన్ని ఖాళీ బిందెతో ఇంటికి వచ్చింది. సాయంత్రం తమ్ముడితో దరఖాస్తు పెట్టిన నలుగురూ వచ్చి బాబాయి గుమ్మం ముందు నిలబడ్డారు. ఊరికే నిలబడ్డారు. దానికే ఎక్కువ భయం వేసింది. బాబాయి వాళ్ళకి ఎదురుగా మెట్టు మీద కూర్చుని రేడియోలో సముద్రపు వాతావరణం విన్నారు. వార్త అయిపోయాక "రేపు గాలి తక్కువే," అని వాళ్ళకే చెప్పి లోపలికి వెళ్ళారు.

సోమవారం పొద్దున్న ఆఫీసు తాళం పగిలి ఉంది. బల్ల, కుర్చీ, గుండు అన్నీ ఉన్నాయి. తాడు లేదు.

పిన్ని ఆయన చొక్కా పట్టుకుంది. "తాడు పోనాది కదా. ఇంకేటి సూపిత్తారు? దేవుడే ఆపుతన్నాడనుకోండి. ఇంట్లో కూకోండి."

"తాడు పోతే పోనీ. బార నా కాడే ఉన్నాది కదే," అన్నారు ఆయన. చెప్పులేసుకున్నారు.

షామియానా కింద ఊరంతా ఉంది. తమ్ముడూ నలుగురూ మొదటి వరసలో. బాబాయి ఆఖరి వరసలో, నా పక్కన. ఇంజనీరు నివేదిక చదివాడు. పాత జెట్టీ కొసన కనీస లోతు పద్దెనిమిది అడుగులు అనగానే చప్పట్లు మోగాయి. ఎవరికైనా అభ్యంతరాలున్నాయా అని పెద్ద ఆఫీసరు అడిగారు. అది అడగాలి కాబట్టి అడిగినట్టు ఉంది.

బాబాయి లేచారు. తమ్ముడు వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేదు. అందులో కోపం తక్కువ, బతిమాలడం ఎక్కువ.

"అయ్యా, ఆ లోతు రాసినోణ్ణి నానే. ఆ బార ఆరడుగులు కాదండి."

"మరి ఎంత?" అన్నారు ఆఫీసరు.

బాబాయి చేతి సంచి నా ఒళ్ళో పెట్టి ముందుకి నడిచారు. అందరి మధ్యా నిలబడి రెండు చేతులూ చాపారు. "ఇంతండి," అన్నారు.

మొదట నవ్వారు. "గుమస్తా, ఎగిరిపోతావేటి, కూకో," అని వెనక నుంచి ఎవరో అరిచారు. మళ్ళీ నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. ఇంజనీరుని కొలవమన్నారు. ఆ అబ్బాయి టేపు తీసి ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా పట్టాడు. కొలిచేదాకా బాబాయి చేతులు దించలేదు. ఐదడుగుల రెండంగుళాలు, అని ఇంజనీరు మైకులో కాదు, ఆఫీసరు చెవిలో చెప్పాడు. అయినా అందరికీ అర్థమైంది. నవ్వులు ఆగిపోయాయి.

"పదేళ్ళుగా ఇది ఎందుకు చెప్పలేదు?" అన్నారు ఆఫీసరు.

"నాకే మొన్న తెలిసిందండి. పదేళ్ళుగా మమ్మల్నెవులూ ఏటీ అడగనేదండి."

"మీ మీద చర్య ఉంటుంది. తెలుసా?"

"తెలుసండి. పుస్తకం మీ కాడే ఉన్నాది. ఓపాలి ఇప్పిస్తే గీత గీసి సంతకం పెడతాను." తరువాత, వెనక్కి తిరగబోతూ ఆగి, ఇంకో మాట అన్నారు. "సాయం సేస్తామన్నారు, సంతోషమండి. మా కుర్రోళ్ళకి ఓడలు కొనియ్యండి. కానీ సబ్సిడీతో ఓడొస్తాది గానీ నీరు రాదండి. ముందు తవ్వండి. తవ్వి, మీరే కొలవండి. మా బారలు నమ్మకండి."

చప్పట్లు లేవు. బాబాయి తిరిగి వచ్చి సంచి తీసుకున్నారు. నా పక్క కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నారు. తమ్ముడు లేచి, మా ఇద్దరి ముందు నుంచే, మా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

జాబితాలో మా ఊరు రాలేదు. సగం తయారైన ఆ ఓడ వేరే వాళ్ళకి పోయింది. బాబాయికి సంజాయిషీ మెమో వచ్చింది. ఒకే వాక్యం జవాబు రాశారు, తప్పు నాదే అని. నలుగురిలో ఇద్దరు ఓడ మాట మానుకున్నారు. తమ్ముడు విశాఖ వెళ్ళి మళ్ళీ టగ్గెక్కాడు. మరుసటి ఏడాది, విశాఖనే సొంత రేవుగా రాసి, మిగిలిన ఇద్దరితో మళ్ళీ దరఖాస్తు పెట్టాడు. ఈసారి వచ్చింది. ముందు అనుకున్న దానికంటే చిన్న ఓడ. ఇప్పుడు సరుకుతో ఒడిశా వైపు మా ఊరి ముందు నుంచే తిరుగుతుంది. ఆగదు.

మధ్యలో ఒకసారి సర్వే పడవ వచ్చి, యంత్రంతో పాత జెట్టీ దగ్గర కొలుచుకుని వెళ్ళింది. ఆ పడవ మీద పని చేసినవాడు తమ్ముడికి తెలిసినవాడే. తమ్ముడు ఆ వారం ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చుని, కలపకుండా చెప్పాడు.

"పదిహేనే అక్కా. ఆ అర అడుగు కూడా నేదు. స్తంభాలు ఏడు లెక్కెట్టినారు."

"మరి బాబాయికి ఓ మాట సెప్పు."

"ఏ మొకం ఎట్టుకుని ఎల్తాను?" అన్నాడు. కంచం పక్కకి జరిపి, "తాడు తీసింది నానే. ఏటి మొగలో పారేసినాను," అన్నాడు.

వాడు వెళ్ళలేదు. సిగ్గు కోపం కంటే ఎక్కువ కాలం ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. బాబాయికి తాడు సంగతి తెలుసో లేదో నేను అడగలేదు. రిటైరయ్యాక ఆయన పొద్దుటే గట్టు మీద కూర్చునేవారు. తమ్ముడి ఓడని దూరం నుంచే పోల్చేవారు. "నిండా ఉన్నాది పెద్దమ్మీ. నీట్లో బాగా కూకున్నాది," అని వచ్చి చెప్పేవారు. ఖాళీగా వెళ్తే ఆ పూట మాట తక్కువ.

ఇంత రాశాక కూడా ఆయన మంచివారు అన్న మాట నేను రాయలేదని చెల్లెలు అంది. రాయలేను. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఊరు అనలేదు. నేను కూడా అనలేదు. ఆయన వల్ల నా తమ్ముడు బతికున్నాడు. అది మాత్రం రాస్తున్నాను.

బాబాయి లేవని ఆ ఆదివారం పొద్దున్న తమ్ముడికి ఫోను చేశాను. విశాఖ దాటి సముద్రం మీద ఉన్నాడు. చెప్పాను. "సరుకు మీదున్నానక్కా. రాలేను," అన్నాడు. సరే అన్నాను.

మా వైపు ఆడవాళ్ళు గట్టు దాకానే వెళ్తాం. మధ్యాహ్నం ఏటి ఇసకలో చితి అంటించారు. పిన్నిని పట్టుకుని నేను గట్టు మీద కూర్చున్నాను. చాలామంది వచ్చారు. బిందె తీసి పక్కన పెట్టినామె కూడా వచ్చి మా వెనక కూర్చుంది.

మూడు గంటల వేళ దక్షిణం నుంచి తమ్ముడి ఓడ కనిపించింది. నిండా ఉంది, నీటిలో లోతుగా కూర్చుని వస్తోంది. ఎప్పట్లా దాటిపోతుందనుకున్నాం. మా ఊరికి ఎదురుగా వచ్చేసరికి నెమ్మదించింది. ముందు భాగం మెల్లగా తీరం వైపు తిరిగింది. ఆగింది. లంగరు దించిన గొలుసు చప్పుడు ఆ గాలికి మా దాకా వచ్చింది.

"అంత దూరంలో ఆగిపోనాడేటి? ఇంకాస్త లోపలికి రావచ్చు కదా," అంది వెనకామె.

పిన్ని ఓడ వైపే చూస్తోంది. "రాకూడదు," అంది. "నిండా ఉన్నాది. అక్కడే ఆగాల."

పొగ ఏటి మీంచి సముద్రం వైపు వంగి పోతోంది. పొగ పలచబడేదాకా ఓడ అక్కడే ఉంది.